కాలనీలో చిన్న ఇటాలియన్ రెస్టారెంట్‌కి వెళ్తున్నారా? ఫోన్ చేయడం దగ్గర్నుంచి పార్శిల్ వేడి చేసుకోవడం దాకా

తిండి గురించి రాస్తానని తెలిసినవాళ్లంతా ఈమధ్య నన్ను ఒకటే అడుగుతున్నారు. మా ఇంటి దగ్గర ఇటాలియన్ రెస్టారెంట్ పెట్టారు, వెళ్దామంటే మెనూ అర్థం కావట్లేదు, నాన్నగారు గుడ్డు కూడా ముట్టరు, పిల్లలకి పిజ్జా తప్ప ఇంకేమీ తెలీదు, అసలు ఏం చెప్పాలి, ఎంత చెప్పాలి అని. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేకంటే ఒకేచోట రాసిపెడితే నాకూ సుఖం, మీకూ సుఖం.

ఇది పెద్ద పిజ్జా కంపెనీల దుకాణాల గురించి కాదు. అక్కడ బొమ్మ చూసి వేలు పెడితే చాలు. విజయవాడ పటమటలోనో, మొగల్రాజపురంలోనో, గుంటూరు బ్రాడీపేట అడ్డరోడ్లలోనో ఇంటి కింద పోర్షన్‌లో ఏడెనిమిది టేబుళ్లు వేసుకుని, లోపల ఇద్దరు ముగ్గురు వండుతూ, ఓనరే కౌంటర్లో కూర్చునే రెస్టారెంట్లున్నాయే, వాటి గురించి. ఇలాంటి చోట్ల భోజనం బాగుండటం సగం వాళ్ల చేతిలో, సగం మీరు ఆర్డర్ చెప్పే తీరులో ఉంటుంది. చిన్న వంటగది కదా, దానికి తగ్గట్టు అడిగితే చాలా బాగా పెడతారు, బఫేలో అడిగినట్టు అడిగితే వాళ్లూ తడబడతారు, మీరూ విసుక్కుంటారు.

వెళ్లేముందు ఇవి చూసుకోండి

- కనీసం గంటన్నర తీరిక. సినిమా టైం పెట్టుకుని మధ్యలో వెళ్లొద్దు.
- మీతో వచ్చేవాళ్లలో ఎవరు ఏం తినరో తెలిసుండాలి: మాంసం, గుడ్డు, పోర్క్, బీఫ్, వెల్లుల్లి, మద్యం కలిపినవి, జీడిపప్పు లాంటివి పడనివాళ్లు.
- రెస్టారెంట్ ఫోన్ నంబరు, వీలైతే మెనూ ఫొటో.
- ఆకలి. మధ్యాహ్నం పెళ్లి భోజనం చేసి రాత్రి చీజ్ తింటే ఎంత గొప్ప వంటైనా బరువుగానే ఉంటుంది.

1. ముందు ఫోన్ చేయండి

చాలామంది వదిలేసేది ఇదే. శని, ఆదివారాల్లో ఎనిమిదిన్నర, తొమ్మిది మధ్య అందరూ ఒకేసారి వస్తారు. లోపల ఉండేది ఒక ఓవెన్, మూడు నాలుగు పొయ్యిలు. ఏడింటికల్లా వెళ్లి కూర్చున్నవాళ్లకి వంట స్థిమితంగా జరుగుతుంది. ఆలస్యంగానే వెళ్లక తప్పదంటే మామూలు రోజుల్లో పెట్టుకోండి.

ఫోన్‌లో టేబుల్ ఒక్కటే కాదు, ఇంకో రెండు విషయాలు కనుక్కోండి. "పిజ్జా పిండి మీరే కలుపుతారా, తయారు బేస్ తెస్తారా?" అనేది ఒకటి. "ఇవాళ మెనూలో లేనివి ఏంటి?" అనేది రెండోది. మొదటిదానికి సూటిగా జవాబిచ్చారంటే ఆ వంటగది మీద నాకు సగం నమ్మకం కుదిరినట్టే. నసిగితే పిజ్జా మానేసి పాస్తా మీద దృష్టి పెడతాను. రెండో ప్రశ్నకి కారణం వేరే. తులసిలా ఉండే బేసిల్ ఆకు, మోజరెల్లా చీజ్, మంచి పుట్టగొడుగులు లాంటివి ఇక్కడ రోజూ ఒకేలా దొరకవు. పిల్లలకి దారిపొడుగునా ఫలానాది తినిపిస్తానని ఊరించి, తీరా కూర్చున్నాక "అది లేదు సార్" అనిపించుకోవడం కంటే ముందే తెలిస్తే మంచిది.

2. మెనూ చూసి కంగారు పడకండి

ఇటలీ పద్ధతిలో మెనూ వరుసగా ఉంటుంది. ఆంటిపాస్తి అంటే మొదట కొరికే చిరుతిళ్లు, ప్రిమి అంటే పాస్తా, రిసొట్టో (బియ్యంతో జారుగా వండేది), సూపు, సెకొండి అంటే మాంసం, చేపలు, కొంటోర్ని అంటే పక్కన తినే కూరగాయలు, డోల్చి అంటే తీపి. అక్కడివాళ్లు తీరిగ్గా కూర్చునే భోజనాల్లో వరుసగా తింటారు, పాస్తా అయ్యాకే మాంసం వస్తుంది. మనకి ఆ నియమం అక్కర్లేదు, నచ్చింది నచ్చినట్టు చెప్పుకోవచ్చు.

పలకడం రాదని సిగ్గుపడి "అదే, ఆ రెండోది" అంటుంటారు. వేలు పెట్టి చూపిస్తే తప్పేం లేదు. పలకాలనుకుంటే మాత్రం: బ్రుస్కెట్టా, న్యోక్కి (ఇది బంగాళాదుంప ముద్దల పాస్తా), లజాన్యా (పొరలుగా పేర్చిన పాస్తా), తల్యాతెల్లె (రిబ్బన్లలాంటి పాస్తా), ఫోకాచ్చా (మందపాటి రొట్టె). రాసే స్పెల్లింగుని చూసి పలికితే ఇవేవీ రావు.

పలకడం కంటే లోపల ఏముందో తెలియడం ముఖ్యం. పొల్లో అంటే చికెన్, గాంబెరి రొయ్యలు, పెషె చేప, తొన్నో ట్యూనా చేప, ఫుంగి పుట్టగొడుగులు, మాన్జో బీఫ్, మయాలె పోర్క్. ప్రొషూటో, పాంచెట్టా, గ్వాంచాలె కనబడితే అవి పంది మాంసాన్ని ఉప్పువేసి ఊరబెట్టి చేసేవి. పిజ్జాల్లో మరినారా అన్న పేరు చూసి చేపలనుకుని వదిలేసేవాళ్లున్నారు. సంప్రదాయపు మరినారా పిజ్జాలో టమాటా, వెల్లుల్లి, ఒరెగానో, నూనె మాత్రమే, చీజ్ కూడా ఉండదు. అయితే మన దగ్గర ఆ పేరుతోనే రొయ్యలూ చేపలూ వేసి ఇచ్చేవాళ్లు ఉండొచ్చు, అందుకని అడిగి చెప్పండి.

3. ఏం తినరో చెప్పండి, అదీ విడమర్చి

ఇంట్లో పెద్దవాళ్లని తీసుకెళ్తున్నవాళ్లు ఈ భాగాన్ని రెండుసార్లు చదవండి. "ఇది వెజ్జేనా?" అని అడిగితే ఎక్కడైనా "వెజ్జే సార్" అనే అంటారు. అబద్ధమాడాలని కాదు, పైకి కనిపించే ముక్కలు చూసి చెబుతారు. మన పెద్దవాళ్లకి కావాల్సింది కనిపించనివాటి సంగతి. కాబట్టి ప్రశ్న మార్చండి.

సూపులు, రిసొట్టో: "నీళ్లు పోస్తారా, కూరగాయల స్టాకా, చికెన్ స్టాకా?" స్టాక్ అంటే వాటిని ఉడికించి వడగట్టిన నీళ్లు. మినెస్ట్రోనె కూరగాయల సూపే అయినా కొన్నిచోట్ల చికెన్ స్టాక్‌తో చేస్తారు.

పాస్తా: "ఎండు పాస్తానా, ఇక్కడే పిండి కలిపి చేసిందా?" ప్యాకెట్లో వచ్చే ఎండు పాస్తా మామూలుగా గోధుమ రవ్వ, నీళ్లతోనే అవుతుంది. అప్పటికప్పుడు చేసే తాజా పాస్తాలో ఎక్కువగా గుడ్డు పడుతుంది. తాజాది అంటే గొప్పదని సంబరపడి ఆర్డర్ చెప్తాం, అమ్మమ్మగారు సగం తిన్నాక సంగతి తెలుస్తుంది, ఇక ఆ రాత్రంతా ఇంట్లో అదే పంచాయతీ.

సాసులు: పుట్టనెస్కా అనే టమాటా సాస్‌లో ఆంకోవీ అనే చిన్న ఉప్పుచేప ఉంటుంది, కరిగిపోతుంది కాబట్టి కంటికి కనబడదు. సీజర్ సాలడ్ మీద పోసేదాంట్లోనూ అదే, పచ్చి గుడ్డు సొన కూడా. పెస్తోలో బేసిల్‌తో పాటు పైన్ గింజలు పడాలి, అవి ఖరీదు కాబట్టి మన దగ్గర జీడిపప్పు వేసేవాళ్లు ఎక్కువ. జీడిపప్పు పడని పిల్లలుంటే ఇది ఊరికే తీసేయాల్సిన మాట కాదు.

చీజ్: అసలైన పర్మిజానో రెజానోని దూడ కడుపులోంచి తీసే రెనెట్‌తో పాలు విరగ్గొట్టి చేస్తారు. గట్టి శాకాహారులు తినరు. ఇండియాలో తయారయ్యే చీజ్‌లు చాలావాటికి వాడేది సూక్ష్మజీవుల నుంచి తీసిన రెనెట్, ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క ఉంటుంది. "పైన తురిమే చీజ్ ప్యాకెట్ ఒకసారి చూపిస్తారా తమ్ముడూ" అని మర్యాదగా అడిగితే చిన్న రెస్టారెంట్‌లో తెచ్చి చూపిస్తారు. పెద్దచోట్ల ఈ వీలుండదు.

కార్తీక మాసంలో ఉల్లి వెల్లుల్లి మానేసినవాళ్లుంటే ఇటాలియన్‌కి తీసుకెళ్లకపోవడమే మంచిదని కొందరంటారు. నేనొప్పుకోను. టమాటా, మోజరెల్లా, బేసిల్ ఆకులతో చేసే కాప్రేసె సాలడ్ ఉంది. వెన్న, చీజ్ మాత్రమే కలిపిన పాస్తా ఉంది. టమాటా సాస్ ముందే వెల్లుల్లి వేసి పెట్టుకుని ఉంటారు కాబట్టి మార్గరీటా పిజ్జా మాత్రం అడిగి చెప్పండి.

మాంసం తినేవాళ్లు కూడా ఒక్కటి కనుక్కోండి. బొలొన్యేజ్ సాస్ ఇటలీలో బీఫ్, పోర్క్‌తో చేస్తారు. ఇక్కడ చికెన్ కీమాతోనో మటన్ కీమాతోనో చేసేవాళ్లున్నారు. పెపెరోనీ కూడా పోర్క్‌దీ ఉంటుంది, చికెన్‌దీ ఉంటుంది. ఊహించుకోవద్దు, అడగండి.

4. ఎంత చెప్పాలి

ఇద్దరైతే ఒక స్టార్టర్, ఒక పిజ్జా, ఒక పాస్తా. నలుగురైతే ఒక స్టార్టర్, రెండు పిజ్జాలు, ఒకే రకం పాస్తా రెండు ప్లేట్లు. అంతే. చాలకపోతే మళ్లీ చెప్పొచ్చు, ఎవరూ కాదనరు.

అందరూ చేసే పెద్ద పొరపాటు ఇక్కడే ఉంది. ఆరుగురు కూర్చుని ఆరు రకాల పాస్తాలు చెబుతారు. అన్ని రుచులూ చూడొచ్చని ఆశ. పాస్తా ఒక్కో ప్లేటుకీ సాస్ విడిగా పెనంలో కలపాలి, ఉన్నవి మూడు పొయ్యిలు, కాబట్టి మొదటిది వచ్చిన పావుగంటకి గాని చివరిది రాదు. మర్యాదకొద్దీ అందరివీ వచ్చేదాకా ఆగితే మొదటి ప్లేటు చల్లారి ముద్దవుతుంది, ఆగకపోతే చివరివాడు మిగతావాళ్ల ముఖాలు చూస్తూ కూర్చుంటాడు. ఒకే సాస్ ఇద్దరికి చెబితే వంటవాడు ఒకే పెనంలో చేస్తాడు, రెండూ కలిసి వస్తాయి. రకాలు కావాలంటే పిజ్జాల్లో చూపించండి ఆ సరదా, ముక్కలు పంచుకోవడం తేలిక.

ఇంకోటి. అన్నీ ఒకేసారి చెప్పకుండా రెండు విడతలుగా చెప్పండి. ముందు స్టార్టర్, పిజ్జా. అవి వచ్చి తింటుండగా పాస్తా. "పాస్తా మేం చెప్పాకే వేయండి" అని ఒక్క మాటంటే చాలు.

గార్లిక్ బ్రెడ్‌తో కడుపు నింపుకోవద్దు. వేడివేడిగా వస్తుంది, చేయి ఆగదు, నాకు తెలుసు. అది ఇటలీ వంట కూడా కాదు, అమెరికా వెళ్లిన ఇటాలియన్ల దగ్గర పుట్టి మన దాకా వచ్చింది. అదే డబ్బుకి బ్రుస్కెట్టా చెప్పండి, కాల్చిన రొట్టె మీద వెల్లుల్లి రుద్ది, టమాటా ముక్కలు, నూనె వేసి ఇస్తారు, పుల్లపుల్లగా ఆకలి పెంచుతుంది.

5. మొదటిసారి ఏది తినాలి

తక్కువ వస్తువులతో చేసేది తినండి. వంటగది పనితనం అక్కడే బయటపడుతుంది. పిజ్జాల్లో మార్గరీటా, పాస్తాల్లో ఆల్యో ఏ ఓల్యో. ఈ రెండోది వెల్లుల్లి, ఆలివ్ నూనె, ఎండుమిరపకాయ, ఇంతే. వెల్లుల్లి మాడితే చేదు, పచ్చిగా ఉంటే ఘాటు, దాచడానికి క్రీమూ చీజూ ఏమీ ఉండవు. ఇది బాగా చేశారంటే మిగతా మెనూ ధైర్యంగా చెప్పుకోవచ్చు.

కారం కావాలనేవాళ్లకి అర్రబ్బియాటా. టమాటా, వెల్లుల్లి, ఎండుమిరప. గుంటూరువాళ్లకి ఇక్కడ ఒక మాట చెప్పాలి. మిర్చి యార్డు ఊళ్లో పెరిగి ఆ ప్లేటు చూసి "ఇదేం కారం" అని చప్పరించేస్తారు, తరవాత టేబుల్ మీదున్న చిల్లీ ఫ్లేక్స్ పొట్లాలు నాలుగు చింపి పోస్తారు. పైన చల్లిన మిరప నాలుక మీద గరగరలాడుతుందే గానీ సాస్‌లో కలవదు. మిరప ఘాటు నూనెలో దిగుతుంది. కాబట్టి ఆర్డర్ చెప్పేటప్పుడే "ఎండుమిరపకాయలు నూనెలో ఎక్కువ వేసి చేయండి" అనండి. వాళ్ల దగ్గర తేజా రకం ఉంటే ఒకటి రెండు కాయలే సరిపోతాయి. ఇటలీ దక్షిణాన కలాబ్రియావాళ్లు కూడా కారం బాగానే తింటారు, కాబట్టి ఇలా అడిగితే వంటకాన్ని పాడుచేస్తున్నామన్న బెంగ అక్కర్లేదు. అసలు మిరపా, టమాటా రెండూ అమెరికా ఖండం నుంచే వాళ్లకీ మనకీ వచ్చాయి.

కార్బొనారా పాస్తా గురించి ఎక్కువమంది అడుగుతారు. రోమ్ పద్ధతిలో గుడ్డు, పెకొరీనో చీజ్, మిరియాలు, గ్వాంచాలె. క్రీమ్ వేయరు, గుడ్డు పాస్తా వేడికే చిక్కబడుతుంది. ఇక్కడ ఆ పేరు మీద వచ్చేది చాలాసార్లు క్రీమ్, చికెన్. తినడానికి బాగానే ఉండొచ్చు, కానీ మీరు ఊహించుకున్నది అది కాకపోతే గొడవ. "క్రీమ్ వేస్తారా?" అని ఒక్క ప్రశ్న.

వైట్ సాస్, పింక్ సాస్ పాస్తాలు చూసి ముఖం చిట్లించేవాళ్లలో నేను లేను. పిల్లలకి నచ్చుతాయి. కాకపోతే సగం ప్లేటయ్యాక మొహం మొత్తుతుంది, అందుకని ఒకటి చెప్పి ముగ్గురు పంచుకోండి.

రిసొట్టో చెబితే ఓపిక పట్టాలి. ఆర్బోరియో లాంటి పొట్టి బియ్యాన్ని, స్టాక్ కొంచెం కొంచెంగా పోస్తూ కలుపుతూ వండితే దాదాపు 18 నుంచి 20 నిమిషాలు పడుతుంది. ఐదు నిమిషాల్లో టేబుల్ మీదికి వచ్చిందంటే ముందే ఉడికించి పెట్టుకున్నారన్నమాట. అది నేరం కాదు, రద్దీలో చాలామంది అలాగే చేస్తారు, కానీ మొదటిసారికి వద్దు.

6. ప్లేటు వచ్చాక చూడాల్సినవి

పాస్తా: ఒక ముక్క కొరికి చూడండి. పైన మెత్తగా, మధ్యలో చిన్న పలుకు తగలాలి. ఇటాలియన్లు అలా ఉండగానే దించుతారు. ఇది ఉడకలేదని వెనక్కి పంపేవాళ్లు చాలామంది. తేడా ఎలా తెలుస్తుందంటే, కొరికినప్పుడు పిండి పళ్లకి అంటుకుని పచ్చివాసన వస్తే నిజంగానే ఉడకలేదు, పంపేయండి. కొంచెం గట్టిగా ఉండి సాగుతూ తెగితే అది సరైనదే. మీ నాన్నగారికి పళ్లు సరిగా లేకపోతే ముందే "ఒక్క ప్లేటు బాగా మెత్తగా" అని చెప్పండి, చేసిపెడతారు.

సాస్ పాస్తాకి అంటుకుని ఉండాలి. ప్లేటు కొంచెం వంచితే అడుగున నీళ్లో నూనో విడిగా పారుతుంటే పెనంలో సరిగా కలపలేదని అర్థం.

పిజ్జా: పైన చూసి మోసపోకండి. ఒక ముక్క ఎత్తి అడుగు చూడండి. అక్కడక్కడా గోధుమరంగు, నల్ల మచ్చలు ఉండాలి. తెల్లగా, తేమగా ఉంటే ఓవెన్ వేడెక్కకుండా పెట్టారు. నేపుల్స్‌లో కట్టెల పొయ్యి బాగా కాగి ఉంటుంది, పిజ్జా 60 నుంచి 90 సెకన్లలో అయిపోతుంది, మధ్యలో మెత్తగా తడిగానే ఉంటుంది, ముక్క కిందికి వాలుతుంది. మీ రెస్టారెంట్‌వాళ్లు ఆ రకం చేస్తే మధ్యభాగం వాలడం తప్పు కాదు. మామూలు కరెంటు ఓవెన్‌లో చేసేవాళ్లకి అంత వేడి రాదు, ఎక్కువసేపు కాలుతుంది, అప్పుడు అడుగు కరకరలాడాలి. రెండూ కాకుండా పిండి ముద్దలా ఉంటేనే మాట్లాడండి.

రిసొట్టో: ప్లేటు తట్టితే మెల్లగా పరుచుకోవాలి. కుప్పలా నిలబడితే ఆరిపోయింది.

చేపలు, రొయ్యలు: రొయ్య రబ్బరులా సాగితే ఎక్కువ ఉడికింది. వాసన తేడాగా ఉంటే మొహమాటపడి తినొద్దు, ముఖ్యంగా మే నెల ఎండల్లో.

7. తినడం

చేత్తో తినొచ్చా అని అడుగుతారు. పిజ్జా చేత్తోనే తినేది. స్పాగెట్టీకి ఫోర్కు: నాలుగైదు పోగులు మాత్రమే ప్లేటు అంచుకి లాగి అక్కడ తిప్పండి. మధ్యలో గుచ్చి తిప్పితే ఉండంతా లేచి వస్తుంది, చొక్కా మీద టమాటా పడేది అప్పుడే. చేత కాకపోతే పెన్నే, ఫుసిల్లీ లాంటి పొట్టి రకాలు చెప్పుకోండి, ఏ గొడవా లేదు. ఫొటోలు ఒకటి రెండు చాలు, పాస్తా మీకోసం ఆగదు.

చీజ్ పొడి, ఒరెగానో వేసుకునేముందు ఒక ముద్ద ఉత్తగా తినండి. ఉప్పు సరిపోయిన ప్లేటులో ఇంకా చీజ్ వేస్తే ఉప్పుకషాయమే. చేపలు, రొయ్యలు వేసిన పాస్తా మీద ఇటాలియన్లు సాధారణంగా చీజ్ వేసుకోరు. మీకు ఇష్టమైతే వేసుకోండి, ఎవరేమంటారు.

8. బాగా లేకపోతే ఎలా చెప్పాలి

మొదటి రెండు ముద్దల్లోనే చెప్పండి. ముప్పావు తినేసి బిల్లు వచ్చాక చెబితే ఓనరు నమ్మడు, నమ్మాల్సిన పనీ లేదు. గొంతు పెంచకుండా, ఏం తేడా వచ్చిందో పేరు పెట్టి చెప్పండి. "బాగోలేదు" అంటే లోపల వంటవాడికి ఏమీ అర్థం కాదు. "తమ్ముడూ, పిజ్జా అడుగు కాలలేదు, ఇంకో రెండు నిమిషాలు పెట్టి తెస్తావా" అంటే వెంటనే అవుతుంది. "వెల్లుల్లి మాడింది, చేదొస్తోంది" అంటే ఇంకోటి చేసిస్తారు.

అయితే పాడవడం వేరు, మనకి నచ్చకపోవడం వేరు. గోర్గొన్‌జోలా చీజ్ వాసన నచ్చలేదని తిప్పి పంపితే న్యాయం కాదు, దాని వాసనే అంత. తెలియని చీజ్ అయితే ముందు చిన్న ముక్క రుచి చూపించమనండి.

9. తీపి

కాఫీ, క్రీమ్‌చీజ్ పొరలతో చేసే తిరామిసులో పచ్చి గుడ్డు, గుడ్డుతో చేసిన బిస్కెట్లు ఉంటాయి, కొన్నిచోట్ల మద్యం కూడా కలుపుతారు. గుడ్డు లేకుండా చేసేవాళ్లూ ఉన్నారు, అడగండి. గర్భిణులు, చిన్నపిల్లలు పచ్చిగుడ్డుది వదిలేయడం మంచిది. క్రీమ్‌తో చేసే పాన్నా కొట్టా చూడటానికి పాలకోవాలా అమాయకంగా ఉంటుంది గానీ అందులో జెలటిన్ పడుతుంది, అది జంతువుల నుంచి తీసేది. దాని బదులు సముద్రపు నాచు నుంచి తీసే అగర్ అగర్ వాడితే శాకాహారమే. వీటితో తలనొప్పి ఎందుకంటే జెలాటో (ఇటాలియన్ ఐస్‌క్రీమ్) చెప్పుకోండి, అందులోనూ కొన్ని రకాలకి గుడ్డు వేస్తారు కాబట్టి ఆ ఒక్కటీ కనుక్కుని.

10. బిల్లు

ముందు ఐటమ్స్ సరిచూసుకోండి. తరవాత పన్ను. విడిగా ఉండే మామూలు రెస్టారెంట్లలో జీఎస్టీ 5 శాతం, బిల్లు మీద రెండున్నర, రెండున్నరగా రెండు వరుసల్లో కనబడుతుంది. చిన్న రెస్టారెంట్లలో కొన్ని కాంపోజిషన్ స్కీములో (చిన్న వ్యాపారులు తమ అమ్మకాల మీద పన్ను తామే కట్టే పద్ధతి) ఉంటాయి, అలాంటివాళ్లు కస్టమర్ దగ్గర జీఎస్టీ విడిగా వసూలు చేయకూడదు. బిల్లు మీద కాంపోజిషన్ అని ఉండి కింద పన్ను కూడా వేస్తే అడగండి.

సర్వీస్ చార్జి అని విడిగా వేశారంటే అది ఇవ్వాలా వద్దా అన్నది మీ ఇష్టం. బిల్లులో దానంతటదే కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులైలో మార్గదర్శకాలిచ్చింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. తీసేయమని మామూలుగా చెప్పండి. తీయకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. ఇంతకీ సర్వీస్ చార్జి వద్దన్నంత మాత్రాన టిప్ ఇవ్వొద్దని కాదు. రాత్రి పదింటిదాకా నిలబడి మీ ప్రశ్నలన్నిటికీ ఓపిగ్గా జవాబు చెప్పిన కుర్రాడి చేతిలో నేరుగా పెట్టండి.

నీళ్ల సీసా అడక్కుండానే మూత తీసి పెడతారు కొన్నిచోట్ల. రెస్టారెంట్లో దాని మీద ముద్రించిన ధర కంటే ఎక్కువ తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. కాబట్టి కూర్చోగానే "మామూలు నీళ్లు ఇవ్వండి" అనేయండి.

11. మిగిలింది ఇంటికి తెచ్చుకుంటే

పిజ్జా మిగిలితే సిగ్గుపడకుండా కట్టించుకోండి. ఇంటికి రాగానే ఫ్రిజ్‌లో పెట్టండి, బయట రెండు గంటలు దాటనివ్వొద్దు, ఎండాకాలంలో గంటే. పొద్దున మైక్రోవేవ్‌లో పెడితే అట్టముక్కలా సాగుతుంది. దోసెల పెనం సన్నమంట మీద పెట్టి, నూనె లేకుండా ముక్క వేసి, రెండు నిమిషాలయ్యాక పెనం అంచున నాలుగు చుక్కలు నీళ్లు చల్లి మూత పెట్టండి. ఇంకో నిమిషానికి కింద కరకర, పైన చీజ్ కరిగి ఉంటుంది. ముక్క ఎత్తి అడుగు చూడండి, మెత్తగా ఉంటే మూత తీసి ఇంకాసేపు ఉంచండి.

టమాటా పాస్తా అయితే బాండీలో రెండు చెంచాల నీళ్లు పోసి కలుపుతూ వేడి చేయండి. క్రీమ్ పాస్తాకి నీళ్ల బదులు పాలు, మంట బాగా తగ్గించి, లేకపోతే విరిగిపోతుంది. ఆల్యో ఏ ఓల్యో మాత్రం అక్కడే తినేసి రండి, మర్నాటికి అందులో ఏ రుచీ మిగలదు. రిసొట్టో మిగిలితే వేడి చేయొద్దు. చల్లటిదాన్నే నిమ్మకాయంత ఉండలు చేసి, మధ్యలో చీజ్ ముక్క పెట్టి, పల్చటి మైదా జారులో ముంచి, బ్రెడ్ పొడి అద్ది నూనెలో వేయించండి. సిసిలీలో ఇలాంటివాటిని అరాంచీని అంటారు. ఉండ విడిపోతుంటే అన్నం ఇంకా తడిగా ఉందని లెక్క, కాసేపు ఫ్రిజ్‌లో పెట్టి మళ్లీ చుట్టండి. మొదట ఒక్కటే వేసి చూసి, నిలబడ్డాక మిగతావి వేయండి.